ఒకే ట్యూనరు, నాలుగు ఛానళ్లు: అనంతపురంలో నా రికార్డింగు అనుభవం

కేబుల్ డిజిటల్ కాకముందు మా ఇంట్లో రెండు ఛానళ్లను ఒకేసారి రికార్డు చేయడం పెద్ద పనే కాదు. గోడలోంచి వచ్చే కేబులుకు ఒక స్ప్లిటరు తగిలిస్తే ఒక తీగ టీవీకి, ఒకటి వీసీఆర్‌కు, ఇంకొకటి కంప్యూటర్‌లోని టీవీ ట్యూనరు కార్డుకు వెళ్లేది. ట్యూనరంటే తీగలోని సంకేతాల్లోంచి కావలసిన ఛానల్‌ను పట్టే భాగం. ఛానళ్లన్నీ ఏడెనిమిది మెగాహెర్ట్జ్ చొప్పున పక్కపక్కనే సర్దుకుని ఆ తీగలోనే ఉండేవి. ఎవరికి కావలసింది వారు పట్టుకునేవారు. మామ హాల్లో వార్తలు చూస్తూ ఉంటే, అత్తకు ఇష్టమైన కచేరీ టేపులో పడుతూ ఉండేది. ఎవరి దారి వారిది.

2011లో కేబుల్ టీవీ చట్టాన్ని సవరించి దేశమంతా దశలవారీగా డిజిటల్ చేశారు. మొదట నాలుగు మహానగరాలు. రెండో దశలో, 2013లో, హైదరాబాదు, విశాఖపట్నం వంటివి. మూడో దశలో మిగిలిన పట్టణాలన్నీ, వాటిలో మా అనంతపురం. ఆ దశకు మొదట 2014 సెప్టెంబరు 30 గడువు పెట్టి, తరువాత 2015 డిసెంబరు 31కి మార్చారు. కోర్టు కేసుల వల్ల అది 2017 జనవరి 31 దాకా సాగింది. సెట్‌టాప్ బాక్సు వచ్చాక బొమ్మ శుభ్రమైంది. చుక్కలు, నీడలు పోయాయి. దాంతో పాటే టీవీలోని ట్యూనరు, వీసీఆర్‌లోని ట్యూనరు, కంప్యూటర్ కార్డు మూడూ ఒక్కసారిగా పనిలేనివయ్యాయి. ఇప్పుడు తీగలో వచ్చేది తాళం వేసిన సంకేతం, దాని తాళంచెవి బాక్సులో ఉంటుంది. మా బాక్సు ఒకసారికి ఒక ఛానల్‌నే తెరుస్తుంది. రెండు కావాలంటే రెండు బాక్సులు, రెండు నెలసరి బిల్లులు.

మా ఇంట్లో గొడవ ఇక్కడే మొదలైంది. అత్తది బళ్లారి. ఆమెకు దూరదర్శన్ చందన కావాలి, అందులో వచ్చే కన్నడ సంగీతం కావాలి. మామ విశ్రాంత ఉద్యోగి, ఆయనకు పార్లమెంటు పిచ్చి. సమావేశాలు మొదలైతే మా హాలు మూడో సభ అవుతుంది. లోక్‌సభ టీవీని, రాజ్యసభ టీవీని 2021లో కలిపి సంసద్ టీవీ చేసినా, రెండు సభలూ నడిచే రోజుల్లో రెండు ఛానళ్లుగానే ప్రసారమవుతాయి. లోక్‌సభలో పదకొండు గంటలకు ప్రశ్నోత్తరాలు. అదే పదకొండుకు రాజ్యసభలో జీరో అవర్, అక్కడ ప్రశ్నోత్తరాలు పన్నెండుకు.

“రెండూ ఒకే వేళకు పెడితే నేను ఎటు చూడాలమ్మా?” అని ఆయన నన్నే అడుగుతారు, వేళలు నేనే నిర్ణయించినట్టు.

“ఆ సభలు రేపూ ఉంటాయి. నా పాట మళ్లీ రాదు” అని అత్త.

నా అవసరం వేరే. నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. స్వయంప్రభ పేరుతో కేంద్రం 2017లో 32 విద్యా ఛానళ్లు మొదలుపెట్టింది. వాటిలో ఐఐటీ-పాల్ అనే నాలుగు ఛానళ్లు ఇంటర్ స్థాయి పిల్లలకే: జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం. ఊళ్ల నుంచి వచ్చే మా పిల్లల్లో చాలామందికి రోజూ గంటలకొద్దీ వీడియోలు చూసేంత డేటా ఉండదు. పాఠాలను పెన్‌డ్రైవులో ఇవ్వగలిగితే ఎంత మేలో వేరే చెప్పనక్కరలేదు. వాటిలో మాకు కావలసిన మూడు సబ్జెక్టులంటే మూడు ఛానళ్లు, అదీ ఒకేసారి.

మొదట ఉన్న బాక్సుతోనే ప్రయత్నించాను. దానికి వెనుక యూఎస్‌బీ సందు ఉంది, రికార్డింగు ఉందని పెట్టె మీద గొప్పగా రాసి ఉంది. రికార్డయింది కూడా. కానీ ఆ ఫైలు ఆ బాక్సులో తప్ప మరెక్కడా తెరుచుకోదు. బాక్సు చెడిపోతే రికార్డింగులూ దానితోనే పోతాయి. పైగా రికార్డింగు సాగుతున్నంతసేపు ఛానల్ మార్చకూడదు. ఇది రికార్డింగు అనిపించుకోదు, టీవీని కట్టేసి కూర్చోబెట్టడం. హెచ్‌డీఎంఐ తీగలోంచి పట్టుకుందామంటే అక్కడా హెచ్‌డీసీపీ అనే మరో తాళం. ఎర్ర, తెల్ల, పసుపు పిన్నుల పాత ఏవీ తీగకు మాత్రం తాళం లేదు. చవక క్యాప్చర్ పరికరం ఒకటి తగిలిస్తే కంప్యూటర్‌లో పడుతుంది. బొమ్మ కొంచెం మసక. అదీ ఒక బాక్సుకు ఒక ఛానలే.

కేబుల్ రాకముందు వాడిన ఏరియల్ ఇంకా మిద్దె మీద ఉంది, కాకులు వాలడానికి. భూతల ప్రసార కేంద్రాలను దూరదర్శన్ 2022 నాటికి సరిహద్దుల వంటి కొన్ని చోట్ల తప్ప మూసేసింది కాబట్టి ఆ దారి లేదు. మిగిలింది దూరదర్శన్ ఫ్రీ డిష్. 2004లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన ఉచిత ప్రసారమే ఇది. నెలసరి రుసుము లేదు. మాకు కావలసిన సర్కారీ ఛానళ్లు సప్తగిరి, యాదగిరి, చందన, డీడీ న్యూస్, సంసద్ అన్నీ అందులో తాళం లేకుండా వస్తాయి. స్వయంప్రభ కూడా అదే జీశాట్-15 ఉపగ్రహం నుంచి, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నుంచి వస్తుంది. ఒకే డిష్ చాలు.

అయితే ఫ్రీ డిష్ బాక్సు కొన్నా కథ మారదు, అదీ ఒక ఛానలే చూపిస్తుంది. మారేది కంప్యూటర్‌కు తగిలించే శాటిలైట్ ట్యూనరుతో. ఎందుకో చెప్పాలంటే ప్రసారం ఎలా వస్తుందో కొంచెం చెప్పాలి. పాఠంలా అనిపిస్తే ఒక పేరా దాటేయండి.

పాత పద్ధతిలో ఒక తరంగం మీద ఒక ఛానలే వచ్చేది. డిజిటల్‌లో ఉపగ్రహంలోని ఒక్కో ట్రాన్స్‌పాండరు (నేల నుంచి వచ్చిన సంకేతాన్ని అందుకుని తిరిగి కిందికి పంపే పరికరం) సెకనుకు సుమారు 40 మెగాబిట్ల ప్రవాహాన్ని పంపుతుంది. సాధారణ నాణ్యత ఛానల్‌కు రెండు మూడు మెగాబిట్లు చాలు. అందుకే ఒకే ప్రవాహంలో పదికి మించి ఛానళ్లు కలిసి వస్తాయి. ప్రవాహమంతా 188 బైట్ల పొట్లాలుగా ఉంటుంది. ప్రతి పొట్లం తలమీద ఒక సంఖ్య ఉంటుంది, పీఐడీ అంటారు. వేరుశనగ లారీలో పది మంది రైతుల బస్తాలు కలిసి వచ్చినా, బస్తా మీది రంగు గుర్తు చూసి మండీలో హమాలీ వేరు చేసినట్టే ఇదీ. ఏ సంఖ్య ఏ ఛానల్ బొమ్మది, ఏది ధ్వనిది అని చెప్పే పట్టికలు కూడా ఆ ప్రవాహంలోనే మాటిమాటికీ వస్తుంటాయి. టీవీ బాక్సు ఒక గుర్తు బస్తాలు దించుకుని మిగిలినవి పారేస్తుంది. కంప్యూటర్‌కు పారేయాల్సిన అవసరం లేదు. ఒకే ట్యూనరు ఒక ట్రాన్స్‌పాండరును పట్టిందంటే దానిలోని ఛానళ్లన్నీ చేతికి వచ్చినట్టే. నాలుగింటినీ నాలుగు ఫైళ్లుగా ఒకేసారి రాసుకోవచ్చు.

ఇది అర్థమయ్యాక నాకు కోపం కూడా వచ్చింది. డిజిటల్ వచ్చి రికార్డింగును చంపిందని ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి అనుకున్నాం. నిజానికి ఒక ట్యూనరుతో ఇన్ని ఛానళ్లను పట్టడం అనలాగ్ రోజుల్లో కలలోని మాట. అడ్డు వచ్చింది తాళం, డిజిటల్ కాదు.

టవర్ క్లాక్ దగ్గరి ఎలక్ట్రానిక్స్ దుకాణంలో డిష్, దాని ముందు నిలిచి సంకేతాన్ని అందుకునే ఎల్‌ఎన్‌బీ, తీగ దొరికాయి. డీవీబీ-ఎస్2 అనే ఉపగ్రహ ప్రసార పద్ధతికి పనికొచ్చే ట్యూనరు మాత్రం బయటి నుంచి తెప్పించుకోవలసి వచ్చింది. డిష్ బిగించడానికి వచ్చిన అబ్బాయికి నా పని వింతగా తోచింది.

“బాక్సు ఎక్కడ పెట్టమంటారు అక్కా?”

“బాక్సు తరువాత చూద్దాం. ముందు ఈ ల్యాప్‌టాప్‌కు తీగ కావాలి.”

“ల్యాప్‌టాప్‌లో టీవీ వస్తుందా?” అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా మిద్దె ఎక్కాడు.

మా ఊరి నుంచి ఆ ఉపగ్రహం ఆగ్నేయ దిక్కులో, ఉత్తరం నుంచి లెక్కిస్తే సుమారు 132 డిగ్రీల వైపు, ఆకాశంలో 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. నేను లెక్కవేసి కాగితం మీద రాసి ఇచ్చాను. అతడు దాన్ని మర్యాదగా జేబులో పెట్టుకుని, పక్కింటి డిష్‌లు ఎటు చూస్తున్నాయో చూసి బిగించాడు. సిగ్నల్ మీటరు కూసిన చోటు నా లెక్కకు సరిపోయింది. ఆ రోజు నా చదువుకు దక్కిన గౌరవం అంతే. డిష్ మాత్రం 65 డిగ్రీలు పైకి చూస్తున్నట్టు కనిపించదు. ఎల్‌ఎన్‌బీ ఒక పక్కకు ఉండే ఆఫ్‌సెట్ డిష్ కావడం వల్ల అది కంటికి ఇంకా నిటారుగా ఉంటుంది. ఎల్‌ఎన్‌బీని గొంతు దగ్గర మెల్లగా తిప్పుతూ నాణ్యత అంకె ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడ ఆపాలి. బలం అంకెను నమ్మకూడదు, నాణ్యత అంకెనే నమ్మాలి. ఈ మాట అతడిదే, నూటికి నూరుపాళ్లు నిజం.

అతడు చెప్పిన ఇంకొక మాట వల్ల చాలా చిక్కు తప్పింది. హాల్లో మామకు మామూలు ఫ్రీ డిష్ బాక్సు, నా గదిలో ట్యూనరు, రెండింటికీ ఒకే తీగ కావాలి. ఎల్‌ఎన్‌బీకి కరెంటు ఆ తీగలోంచే వెళుతుంది. 13 వోల్టులు ఇస్తే నిలువు ధ్రువణం, 18 ఇస్తే అడ్డ ధ్రువణం పడుతుంది; ధ్రువణం అంటే తరంగం ఊగే దిక్కు. రెండు పరికరాలు చెరొక వోల్టేజీ అడిగితే తగాదా. నేను పట్టిన ఫ్రీ డిష్ ట్రాన్స్‌పాండర్లన్నీ నిలువు ధ్రువణంలో, దిగువ ఫ్రీక్వెన్సీల బ్యాండులోనే ఉన్నాయి కాబట్టి తగాదా లేదు, స్ప్లిటరు చాలు. కానీ కరెంటును ఒక వైపు నుంచే పంపే స్ప్లిటరు తీసుకోవాలి. ఆ వైపు ఏ పరికరానికి ఇవ్వాలన్నదే అసలు విషయం. “టీవీ బాక్సు వైపు పెట్టొద్దక్కా. రాత్రి పెద్దాయన స్విచ్ కట్టేస్తే మీ రికార్డింగు పోతుంది” అన్నాడు. మామ ప్రతి రాత్రి ఇంట్లోని స్విచ్‌లన్నీ కట్టి, ఒకసారి తడిమి చూసుకుని గానీ పడుకోరు. కరెంటు వైపు ట్యూనరుకే ఇచ్చాం.

సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి టీవీహెడ్‌ఎండ్ అనే టీవీ రికార్డింగు సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. ఉచితం. బ్రౌజరులోనే అన్నీ అమర్చుకోవచ్చు. దాని పద్ధతి మొదట తికమకగా ఉంటుంది: నెట్‌వర్క్, దాని కింద మక్స్‌లు, వాటి కింద సర్వీసులు, చివరికి ఛానళ్లు. మక్స్ అంటే పైన చెప్పిన ఉమ్మడి ప్రవాహమే. ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్ అని పెట్టి, ఒక్కో ట్రాన్స్‌పాండరు ఫ్రీక్వెన్సీ, ధ్రువణం, సింబల్ రేటు (సెకనుకు వచ్చే సంకేతాల సంఖ్య) ఇస్తే మిగిలింది అది వెతుక్కుంటుంది. ఏ ఛానల్ ఎక్కడుందో ఇక్కడ రాయడం లేదు. ఫ్రీ డిష్‌లో చోటు కోసం వేలాలు, మార్పులు జరిగినప్పుడల్లా అవి చోటు మారుతుంటాయి. ఎప్పటికప్పుడు స్కాన్ చేసుకోవడమే మేలు.

స్కాన్ పూర్తయి ఛానళ్ల పేర్లు వరుసగా దిగినప్పుడు మామను పిలిచి చూపించాను. ఒకే ట్రాన్స్‌పాండరులోని నాలుగు ఛానళ్లకు ఒకేసారి రికార్డింగు పెట్టి, నాలుగు ఫైళ్లూ పెరుగుతూ ఉండగా ట్యూనరు ఒకటే పనిచేస్తోందని చూపిస్తే, ఆయన కళ్లద్దాలు సవరించుకుని “మరి ఇన్నాళ్లూ మనకెందుకు రాలేదు?” అన్నారు.

చిక్కు ఎక్కడంటే, కావలసిన ఛానళ్లన్నీ ఒకే ట్రాన్స్‌పాండరులో ఉండవు. రెండు వేర్వేరు ప్రవాహాల్లోని కార్యక్రమాలను ఒకే వేళకు అడిగితే ఖాళీ ట్యూనరు లేదని సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తుంది. అందుకని నోటు పుస్తకంలో ట్రాన్స్‌పాండరుకు ఒక పేజీ పెట్టి, ఏ ఛానల్ ఎక్కడుందో రాసుకుని, దాని ప్రకారం వేళలు వేశాను. ఇక్కడ స్వయంప్రభ కలిసి వచ్చింది. ఆ ఛానళ్ల ప్రణాళికే రోజుకు కనీసం నాలుగు గంటల కొత్త పాఠాలు, వాటినే రోజులో మరో ఐదుసార్లు పునఃప్రసారం. పగలు పార్లమెంటుతో పోటీ పడనక్కరలేదు. అందరూ పడుకున్నాక మూడు సబ్జెక్టులూ ఒక విడతలో పడిపోతాయి. మామ స్విచ్‌ల తనిఖీ నుంచి నా గదికి మినహాయింపు తెచ్చుకోవడమే అన్నిటికంటే కష్టమైంది.

కార్యక్రమాల పట్టిక సంకేతంతో పాటే రావాలి గానీ, నాకు వచ్చిన ఛానళ్లలో చాలావాటికి ఖాళీగానే ఉంది, కొన్నింటికి తప్పుగా ఉంది. పేరు చూసి రికార్డు చేసే సౌకర్యాన్ని నమ్ముకోకుండా గడియారం చూసి చేసే టైమర్లు పెట్టుకున్నాను. ముందు ఐదు నిమిషాలు, వెనుక పదిహేను నిమిషాలు అదనం. పాట కచేరీలకు ఇంకా ఎక్కువే ఇవ్వాలి. విద్వాంసుడు మంగళం పాడేలోపు ఫైలు ముగిసిపోతే అత్త రాత్రి భోజనం దాకా నాతో మాట్లాడరు.

స్థలం సంగతి. ఒక ఛానల్ గంటకు ఒకటి నుంచి ఒకటిన్నర జీబీ తీసుకుంటుంది. ట్రాన్స్‌పాండరు మొత్తాన్ని ఉన్నదున్నట్టు రాసుకున్నా గంటకు 18 జీబీ, అంటే సెకనుకు ఐదు మెగాబైట్లు. ఏ పాత హార్డ్‌డిస్కుకైనా అది లెక్కలోది కాదు. వచ్చింది వచ్చినట్టు రాయడమే కాబట్టి ల్యాప్‌టాప్‌కూ శ్రమ లేదు. శ్రమ పిల్లలకు ఇచ్చే ఫైళ్ల దగ్గర ఉంది. పాత పద్ధతి ప్రసారం కావడంతో కదిలే బొమ్మలో దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తాయి, ఫోనులో మరీ కనిపిస్తాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌తో ఆ గీతలు తీసి, చిన్న ఫైలుగా మార్చి ఇస్తాను. నల్లబల్ల ముందు నిలబడిన అధ్యాపకుడి పాఠం చాలా చిన్న ఫైలులో ఇమిడిపోతుంది.

కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, ట్యూనరు అడాప్టరుకు లేదు. దాన్ని ఇన్వర్టరు మీదికి మార్చాలి, లేకపోతే రికార్డింగు సాగుతున్నట్టే ఉండి ఫైలులో ఏమీ ఉండదు. వానకు సిగ్నల్ పోతుందని ఫ్రీ డిష్ వాడేవాళ్లంతా అంటారు. రాష్ట్రంలోనే తక్కువ వాన పడే చోట మాకు ఆ బాధ అరుదు. మా శత్రువు గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. ఆషాఢంలో డిష్ వేలెడంత కదిలినా నాణ్యత అంకె పడిపోతుంది. కాలికి అదనపు ఊతకమ్ములు వేయించి, బోల్టులు సిమెంటులో దించాక కుదురుకుంది.

ఇంకొకటి ఉంది, భౌతికశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి దాటిపోలేను. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. డిష్‌కు ఉపగ్రహం గొంతు వినబడదు, సూర్యుడి రొదే వినబడుతుంది. మా ఊరికి లెక్కవేస్తే అది మార్చి నడుమ ఒకసారి, సెప్టెంబరు చివర ఒకసారి, వరుసగా కొన్ని రోజులు, కొన్నేసి నిమిషాలు. వేళ ఉదయం పదకొండు ప్రాంతం. అంటే బడ్జెట్ సమావేశాలు నడుస్తుండగా సరిగ్గా ప్రశ్నోత్తరాల వేళకు. మామకు ముందే చెప్పి పెట్టాను. మంత్రి జవాబు మొదలుపెట్టగానే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతే ఆయన గడియారం చూసి తల ఊపారు. ఆ తరువాత నా లెక్కల మీద ఆయనకు గౌరవం పెరిగింది, డిష్ బిగించిన అబ్బాయికి పెరగకపోయినా.

కాలేజీలో ఒకరు ఇది చట్టబద్ధమేనా అని అడిగారు. 1957 కాపీరైటు చట్టం 39వ సెక్షను ప్రసారాన్ని సొంత వాడకానికి గానీ, నిజమైన బోధన, పరిశోధనల కోసం గానీ రికార్డు చేసుకోవడాన్ని హక్కుల ఉల్లంఘనగా చూడదు. ఇంటి పాటలు ఇంట్లోనే, పాఠాలు తరగతికే. ఎక్కడా పెట్టను, ఎవరికీ అమ్మను.

అత్త చూసే ప్రైవేటు ఛానళ్ల సీరియళ్ల దగ్గర మాత్రం ఈ కిటుకు పనిచేయదు. అవి తాళం వెనుకే ఉన్నాయి, తాళం పగలగొట్టే పని నాది కాదు. వాటికి కేబుల్ బాక్సు, ఏవీ తీగ, మసక బొమ్మ, ఒకసారికి ఒకటి. అత్తకు రాత్రిపూట రెండు సీరియళ్లు ఒకే వేళకు వస్తున్నాయి. రెండో బాక్సు పెట్టించమంటున్నారు. నెలసరి బిల్లు ఎవరు కట్టాలన్నది ఇంకా తేలలేదు.